సత్యవేణి అక్క ‘ఆయ్’ అంటే ఒప్పుకున్నట్టు కాదు

నిన్న పొద్దున్న క్రీమ్ బీట్ చేస్తుంటే ఫోన్ మోగింది.

సత్యవేణి అక్క వాళ్లాయన. "సత్య ఇక లేదండి. గుండెపోటన్నారండి" అన్నారు.

"ఆయ్" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. బీటర్ తిరుగుతూనే ఉంది. క్రీమ్ విరిగిపోయేదాకా అలాగే నిలబడిపోయాను.

అక్క అమలాపురంలో మేడ మీద గదిలో కేక్ డెకరేషన్ క్లాసులు చెప్పేవారు. మామిడికుదురు నుంచి బస్సెక్కి వెళ్లి నేర్చుకున్నాను. ఈ రోజు నా చేతిలో ఉన్న పని ఆవిడ పెట్టిన భిక్షే.

బేకరీ సామాన్లు అమ్మే కంపెనీ ఒకటి ఆవిడకి స్పాన్సర్. గోడకి వాళ్ల బ్యానర్. లైవ్ పెడితే వాళ్ల సరుకు చూపించాలి.

మొదటి లైవ్‌లోనే వాళ్ల క్రీమ్ డబ్బా ఎత్తి చూపించి, "ఇది నాకు ఊరికే ఇచ్చేరండి. రుచి బాగుంది. కానీ మన ఉక్కకి అరగంట కూడా నిలబడదు. ఏసీ లేనివాళ్లు కొనకండి" అన్నారు.

మేం నోళ్లు వెళ్లబెట్టాం. "అదేంటక్కా, వాళ్ల బ్యానర్ కిందే నిలబడి అలా అనేసేరు?" అంటే, "బ్యానర్ వాళ్లదేనమ్మా, నోరు నాది కదా" అని నవ్వారు.

చిత్రమేమిటంటే, అలా చెప్పినందుకే ఆవిడ బాగుందన్న సరుకుని జనం కళ్లు మూసుకుని కొనేవారు. కంపెనీకి కావలసింది ఆ నమ్మకమేనని మాకప్పుడు తట్టలేదు.

తర్వాత బంగారు రంగు పొడి వచ్చింది.

అక్క డబ్బాని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చిన్న అక్షరాలన్నీ చదివారు. ‘అలంకరణకు మాత్రమే’ అని ఉంది. తినవచ్చని ఎక్కడా లేదు. థర్మాకోల్ కేకు మీద చల్లి చూపించారు. మా చేతులకీ కనురెప్పలకీ అంటుకున్న ఆ మెరుపు రెండు రోజులైనా వదల్లేదు.

ఆ రోజు లైవ్‌లోకి హైదరాబాద్ నుంచి కంపెనీ మేనేజర్ వీడియో కాల్‌లో వచ్చారు.

"ఏ కేకు మీదైనా చల్లుకోవచ్చు మేడమ్."

"ఆయ్" అన్నారు అక్క.

"పిల్లలు కూడా హాయిగా తినొచ్చు."

"ఆయ్."

అవతలివాళ్లు మాట్లాడుతుంటే మధ్యమధ్యలో ఆయ్ అనకపోతే మన దగ్గర మర్యాద కాదు. వింటున్నాను, చెప్పండి అని దానర్థం. అంతే.

ఆయన చెప్పడం అయ్యాక అక్క, "విన్నానండి. కానీ డబ్బా మీద తినమని రాయలేదు కదండీ. పిల్లల కేకు మీద నేను వేయను, మావాళ్లని వేయనివ్వను" అన్నారు. నేను ఆ గదిలోనే ఉన్నాను.

వారం తిరక్కుండా కంపెనీ నుంచి ఒక చిన్న వీడియో బయటికి వచ్చింది. మేనేజర్ మాట, అక్క ఆయ్. మళ్లీ మేనేజర్ మాట, మళ్లీ అక్క ఆయ్. అక్కడితో కట్.

అక్క ఆ బ్యానర్ తనే పీకేశారు. ఆ వీడియో తీసేయమని కంపెనీకి ఫోన్ చేసినప్పుడల్లా వాళ్లు చూస్తామండి అన్నారు. నిజం చెబుతూ తను పెట్టిన వీడియో మన క్లాసువాళ్లం తప్ప ఎవరూ చూడలేదు.

అప్పటి నుంచి అక్క ఆయ్ అనడం మానేశారు. ఫోన్లో మనం మాట్లాడుతుంటే అటు చప్పుడే ఉండేది కాదు. కట్ అయిందేమోనని "అక్కా, ఉన్నారా?" అంటే, "ఉన్నానమ్మా, చెప్పు" అనేవారు. ఆ నిశ్శబ్దం అంటే నాకు భయంగా ఉండేది.

పోయిన వారం తనే ఫోన్ చేశారు. "ఎవరో తల్లి అడిగిందమ్మా. కేకు తిన్నాక పిల్లకి వాంతులంట. ఆ పొడి వల్లో కాదో తెలీదు. మీరే కదండీ తినొచ్చన్నారు అంది. ఏం చెప్పను?"



నిన్న అక్కని తీసుకెళ్లాక, కాట్రేనికోన నుంచి వచ్చినావిడ ఒకరు ఏడుస్తూ నా చెయ్యి పట్టుకున్నారు. "ఆవిడ మాట మీదేనండి, మా చిన్నదాని పుట్టినరోజు కేకుకి ఆ బంగారం పొడి తెప్పించేను. ఎల్లుండేనండి."

వద్దన్నాను. "అదేంటండీ, ఆవిడ ఆయ్ అన్నారు కదా" అన్నారు. పక్కకి తీసుకెళ్లి మొదటి నుంచీ చెప్పాను. నమ్మారో లేదో నాకు తెలియదు.

ఈ పొద్దున్న ఫోన్ తెరిస్తే అదే వీడియో. కింద దండలు, దణ్ణాలు. అక్క జ్ఞాపకమని మన క్లాసు గ్రూపులోనే నలుగురు షేర్ చేశారు. ఆవిడ బతికుండగా చూసినవాళ్ల కంటే నిన్నటి నుంచి చూసినవాళ్లే ఎక్కువ.

ఏడుపు కంటే కోపం వస్తోంది నాకు. కోపం కంటే భయం ఎక్కువగా ఉంది.

ప్రేమతోనే పెట్టారని తెలుసు. అయినా తీసేయండి. రిపోర్ట్ కొట్టండి. ఇంట్లో ఆ డబ్బా ఉంటే పిల్లల కేకు దగ్గరికి రానివ్వకండి. ఇది ఆవిడ చెప్పిన మాట, నా చెవులతో విన్నాను.

అక్కా, వెళ్లిరండి.

మీరు లేకపోయినా మీ గొంతు అక్కడ ఇంకా అమ్మిపెడుతూనే ఉంది. అది ఆగిపోవాలి, మీ ఆత్మకి శాంతి దొరకాలి.