పన్నెండు కిలోల ఖాళీ

రఘువీర్‌కి యాభై ఎనిమిదేళ్లు. ప్లేనోలో ఇల్లు, ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో డేటాబేస్ పని. అమెరికా వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఇన్నేళ్లలో అతను ఎక్కిన విదేశీ విమానాలన్నీ హైదరాబాద్‌కే.

వెళ్లిన ప్రతిసారీ రెండు సూట్‌కేసులు. ఒకటి తనది. రెండోది తెలిసినవాళ్లది.

"ఇండియా వెళ్తున్నారటగా" అని ముందు ఫోన్ వచ్చేది. తర్వాత ప్యాకెట్ వచ్చేది. విటమిన్ మాత్రలు, పాత ఫోన్లు, ఎవరి మామగారికో మోకాలి పట్టీ. రఘువీర్ కాదనేవాడు కాదు. చేతి కాంటాకి సూట్‌కేస్ తగిలించి ఎత్తి, ముల్లు ఇరవై మూడు కిలోల దగ్గర నిలిచేదాకా తీసి, పెట్టి, మళ్లీ తీసేవాడు. ఎయిర్‌పోర్ట్‌లో "ఎవరైనా మీకు ఏమైనా ఇచ్చారా" అని అడిగితే లేదనేవాడు. అందరూ అలాగే అంటారు కాబట్టి అబద్ధం చెప్పినట్టు కూడా ఉండేది కాదు.

వేట పక్కింటి డేల్ నేర్పాడు. డేల్ రిటైరైన పోస్ట్‌మన్, డెబ్బై దాటిన మనిషి. పదేళ్ల కిందట ఒక శనివారం అడవిపందుల కోసం వెంట తీసుకెళ్లాడు. ఆ రోజు రఘువీర్ ఒక్క గుండూ కాల్చలేదు. పొదల వెనక నాలుగు గంటలు కదలకుండా కూర్చున్నాడు. ఫోన్ మోగలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. మరుసటి వారం తనే వెళ్లి డేల్ తలుపు తట్టాడు.

భార్య వసంతలక్ష్మి ఆ మాంసాన్ని వంటింట్లోకి రానివ్వలేదు. గరాజ్‌లో వేరే ఫ్రీజర్ కొన్నాడు. తుపాకీ పెట్టెని ఆవిడ ముట్టుకోదు.

ఈ ఏడాది డేల్, రఘువీర్ ఇద్దరూ దక్షిణాఫ్రికా వెళ్లాలనుకున్నారు. మెలికల కొమ్ముల పెద్ద జింక కోసం, అయిదు రోజులు. డేల్ మోకాళ్లు ఇంకో ఏడాది ఆగేలా లేవు. అక్కడ రైఫిళ్లు అద్దెకిస్తారు. రఘువీర్‌కి తనదే కావాలి. ఏడాదిపాటు ప్రతి శనివారం దానితోనే గురి చూశాడు. దాని ట్రిగర్ బరువు వేలికి తెలుసు.

దాని కోసం నాలుగు నెలలు కాగితాల వెంట తిరిగాడు. తుపాకీ ఇక్కడినుంచే వెళ్లిందని కస్టమ్స్ వాళ్లు ముద్ర వెయ్యాలి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు అది తనదేనని నిరూపించుకోవాలి. మొదటిసారి కాగితాలు మాత్రమే పట్టుకెళ్లాడు. ప్రభుత్వ ఆఫీస్‌లోకి తుపాకీతో వెళ్తే ఏమవుతుందోనని రైఫిల్ ఇంట్లో వదిలాడు.

"తుపాకీ ఏది?" అన్నాడు ఆఫీసర్.

"ఇంట్లో ఉంది."

"దాని మీదున్న నంబర్ నేను చూడాలి. నువ్వు రాసుకొచ్చింది కాదు."

రెండోసారి సెలవు పెట్టి పెట్టెతో వెళ్తే ముద్ర వేసే మనిషి రాలేదు. మూడోసారి పని నిమిషంలో అయిపోయింది. దక్షిణాఫ్రికా పర్మిట్ ఫామ్ నీలం ఇంకుతో నింపితే తిప్పి పంపారు. నల్ల ఇంకుతో మళ్లీ నింపాడు.

ఎయిర్‌లైన్ నియమాలు ప్రింట్ తీసుకుని గీతలు గీసుకున్నాడు. బుల్లెట్లు రైఫిల్‌తో కలిపి ఉండకూడదు. వాటిని చిన్న ఇనప డబ్బాలో పెట్టి తాళం వేసి సూట్‌కేస్‌లో సర్దాడు. సూట్‌కేస్ ఇరవై మూడు కిలోలు తూగింది. రైఫిల్ పెట్టెకీ ఇరవై మూడే పరిమితి, తూగింది పదకొండే. అందులో రైఫిల్ తప్ప ఇంకేదీ పెట్టకూడదన్న వాక్యం కిందా గీత గీశాడు.

శుక్రవారం సాయంత్రం రాగిణి వచ్చింది. రెండు వీధుల అవతల ఉంటుంది. అన్నయ్యా అని పిలుస్తుంది. చేతిలో గోధుమరంగు టేప్ చుట్టిన చెప్పుల డబ్బా.

"మా తమ్ముడు చైతన్య జొహానెస్‌బర్గ్‌లోనే ఉన్నాడన్నయ్యా. చిన్న ప్యాకెట్. వాడి బాబుకి రెండు డ్రెస్సులు, కొంచెం గోంగూర పొడి."

"సూట్‌కేస్ నిండిపోయిందమ్మా."

"అదేంటి, అంత పెద్ద పెట్టె. లోపల ఖాళీగానే ఉందిగా."

రైఫిల్ పెట్టె హాల్లో తెరిచే ఉంది. పన్నెండు కిలోల ఖాళీ. రఘువీర్ దాన్ని పొద్దుటినుంచీ చూస్తూనే ఉన్నాడు.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఎయిర్‌పోర్ట్‌లో దిగాడు. విమానం నాలుగూ నలభైకి. తుపాకీ రెండు గంటల ముందే అప్పజెప్పాలి. లైన్ కదిలేసరికి రెండవుతోంది. కౌంటర్లో అమ్మాయి పాస్‌పోర్ట్ చూసి తెలుగులోకి దిగింది. పేరు సాన్వి అని బ్యాడ్జ్ మీద ఉంది.

"అంకుల్, హంటింగ్‌కా? కూల్. ఈ కేస్‌లో గన్ ఒక్కటేనా?"

"బుల్లెట్లు సూట్‌కేస్‌లో ఉన్నాయి. వేరే తాళంతో."

"పర్ఫెక్ట్. ఇది అడగాలి అంకుల్. క్యారీ చేయమని ఎవరైనా ఏమైనా ఇచ్చారా?"

పెట్టె ఎలాగూ తెరుస్తారు. పైగా తుపాకీ పెట్టె.

"ఒక ప్యాకెట్ ఉంది."

"సూట్‌కేస్‌లో?"

"ఇందులో."

ఆ అమ్మాయి టైప్ చేయడం ఆపింది. "గన్ కేస్‌లోనా అంకుల్?"

"ఖాళీ ఉంది కదా అని."

"మా మమ్మీ కూడా అంతే. ఎవరు వెళ్లినా ఏదో ఒకటి ఇస్తుంది. బట్, గన్ కేస్‌లో ఎవరూ పెట్టరు."

"తీసేస్తానమ్మా. ఒక్క నిమిషం." వంగి తాళం మీద చెయ్యి వేశాడు.

"ఇక్కడ ఓపెన్ చేయొద్దు అంకుల్. చెయ్యి తీయండి, ప్లీజ్."

పక్క కౌంటర్ ముందు హైదరాబాద్ వెళ్లే కుటుంబం సూట్‌కేసులు నేల మీద తెరిచి కందిపప్పు ఒకదాన్నుంచి ఇంకోదాంట్లోకి మారుస్తోంది. వాళ్లనెవరూ ఏమీ అనడం లేదు.

సెక్యూరిటీ ఆఫీసర్ వచ్చి లోపలి గదికి తీసుకెళ్లాడు. రైఫిల్ బయటికి తీసి, గుండు పెట్టే చాంబర్ ఖాళీగా ఉందో లేదో చూశాడు. డబ్బా టేప్ కోశాడు. డ్రెస్సులు, పొడి. అడుగున రేకు కాగితంలో చుట్టిన బూడిదరంగు పిండి. రాగిణి దాని సంగతి చెప్పలేదు.

"ఇదేంటి?"

రఘువీర్ వాసన చూశాడు. సున్నిపిండి. "స్నానానికి వాడతాం. సబ్బు బదులు."

"పిండితోనా?"

"పిల్లలకి."

"ఎవరి పిల్లలకి?"

"నాకు వాళ్లు తెలీదు."

ఆఫీసర్ అతని వంక చూసి, పరీక్ష చేసే మనిషి కోసం ఫోన్ చేశాడు. ఆ మనిషి రావడానికి ఇరవై నిమిషాలు. పిండిలో ఏమీ లేదని తేలడానికి పది. మళ్లీ సంతకాలు. డబ్బా చేతికిచ్చి పంపారు. కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి రెండూ యాభై రెండు.

"సారీ అంకుల్," అంది సాన్వి. "మీరు ఎక్కొచ్చు. రైఫిల్ ఎక్కదు. కటాఫ్ దాటింది."

"పన్నెండు నిమిషాలే."

"సిస్టమ్ తీసుకోదు. సోమవారం ఫ్లైట్‌లో రెండూ వెళ్తాయి. మార్చనా?"

సోమవారం బయల్దేరితే మంగళవారం రాత్రికి చేరతాడు. అయిదు రోజుల్లో రెండు పోతాయి. డేల్ గురువారమే వెళ్లిపోయాడు. మెసేజ్ పెడితే జవాబు వెంటనే వచ్చింది. 'అద్దె రైఫిల్ ఉంది, వచ్చేయ్. సోమవారం పొద్దున నేను ఎలాగూ వేటకి బయల్దేరతాను. ఎన్నాళ్లు నడవగలనో తెలీదు.'

రఘువీర్ ఆ మెసేజ్ రెండుసార్లు చదివాడు. డేల్‌తో నడవడం కావాలి. రైఫిలూ కావాలి. ఈ రెండూ ఒకేసారి దక్కడానికే నాలుగు నెలలు తిరిగాడు.

"మార్చండి," అన్నాడు.

వసంతలక్ష్మి కారు తీసుకొచ్చింది. పెట్టె అతనే ట్రంక్‌లో పెట్టాడు. డబ్బా ఒళ్లో పెట్టుకుని ముందు కూర్చున్నాడు. ఆవిడ కారు హైవే ఎక్కించింది.

"కుదరదని ఒక్క మాట అనలేకపోయారా?"

"నువ్వనొచ్చుగా. తలుపు తీసింది నువ్వే."

"నా పెట్టె అయితే అనేదాన్ని." అద్దంలోకి చూసి లేన్ మారింది. "అడిగించుకోవడం మీకిష్టం. రఘువీర్ గారయితే పట్టుకెళ్తారండీ అని నలుగురూ అంటే రెండు రోజులు ఆ మాటే చెప్తారు నాతో."

రఘువీర్ ఒళ్లో డబ్బా సర్దుకున్నాడు. అది నిజమే.

ఫోన్ మోగింది. రాగిణి. కారు స్పీకర్లో గొంతు పెద్దగా వచ్చింది.

"అన్నయ్యా, చెకిన్ అయిందా? చైతన్య ఎయిర్‌పోర్ట్‌కే వస్తానంటున్నాడు."

"ఎక్కలేదమ్మా. ప్యాకెట్ రైఫిల్ పెట్టెలో ఉందని ఆపారు. ఆ సున్నిపిండి పరీక్ష చేశారు. సోమవారానికి మార్చుకున్నాను."

"అయ్యో. సున్నిపిండికా? పోన్లెండి, సోమవారం వెళ్తున్నారుగా. అయితే అన్నయ్యా, బాబు చెప్పులు మర్చిపోయాను. చిన్నవే. బరువుండవు."

వసంతలక్ష్మి రోడ్డు వైపే చూస్తోంది.

"తీసుకెళ్లను రాగిణీ."

"చెప్పులా?"

"ఏదీ తీసుకెళ్లను. నీ డబ్బా పావుగంటలో మీ ఇంటికి తెస్తున్నాను."

కాల్ కట్ చెయ్యబోయాడు.

"కోపమొచ్చిందా అన్నయ్యా?"

"వచ్చింది," అన్నాడు రఘువీర్.

వసంతలక్ష్మి అడక్కుండానే కారు రాగిణి వాళ్ల వీధి వైపు తిప్పింది.