మామూలుగా ఉండండి అన్నారు

"కెమెరా ఉందని మరిచిపోండి, మామూలుగా ఉండండి" అనే మనిషిని నేను నమ్మను. ఇప్పుడు మా ఇంట్లో టీవీ పెడితే చాలు, ఎవరో ఒకరు ఏడుస్తూ కనిపిస్తారు. అది కథ కాదట. నిజం మనుషులట, నిజం కన్నీళ్ళట. మా వాళ్ళందరూ ముందుకు వంగి కూర్చుని ఫలానా అమ్మాయి మంచిది, ఫలానా అబ్బాయి నటిస్తున్నాడు అని తీర్పులు చెబుతారు. నేను ఆ ఏడ్చేవాళ్ళను పట్టించుకోను. వాళ్ళ ఎదురుగా నిలబడి "ఇంకొక్కసారి" అన్నది ఎవరా అని ఆలోచిస్తాను. ఈ అనుమానపు బుద్ధి నాకు ఊరికే రాలేదు.

ఎనభైల్లో మాట. తమిళనాట ధర్మపురి దగ్గర మా ఊరి పంచాయతీ ఆఫీసులో అప్పుడే టీవీ పెట్టారు. మాది తెలుగు ఇల్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, ఎన్ని తరాలుగానో అంతే. నన్ను మా మామకే ఇచ్చి చేశారు, అంటే మా అమ్మ తమ్ముడికి. మావాళ్ళలో అది మామూలే. దాంతో మా అమ్మను కన్న అవ్వే నాకు అత్త అయింది. ఆమె చేతుల్లో పెరిగినదాన్ని. మెడలో తాళి పడినంత మాత్రాన నోట్లో పిలుపు మారుతుందా? పెళ్ళికి ముందూ అవ్వే, పెళ్ళయ్యాకా అవ్వే.

అవ్వకు నన్ను తిట్టనిదే పొద్దు పోయేది కాదు. "లెయ్యే ఎనుమా, పొద్దు నడినెత్తికొచ్చె" అని నిద్ర లేపేది. ఎనుమంటే మా వైపు గేదె. "ఈ ముగ్గేందే, కోడి కెలికినట్ల ఉండాది" అని వాకిట్లో మొదలుపెట్టేది. జడ వేస్తూ తిట్టేది, అన్నం వడ్డిస్తూ తిట్టేది. నేను ఊరుకుంటానా, "నీ దగ్గర నేర్చుకున్నదే కదా ముసిలీ" అనేదాన్ని. ఆమె నోరు మూతపడిన రోజు జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. ఆ తిట్లలోనే నేను చిన్నపిల్లగా ఉండిపోయాను. అంతకంటే హాయి నాకు తెలియదు.

మామ టమాటాలు వేసుకుని పాలకోడు మార్కెట్టుకు వెళ్ళిన రోజు అక్కడ మద్రాసు నుంచి వచ్చినవాళ్ళు కనబడ్డారట. టీవీకి కార్యక్రమాలు తీసి ఇచ్చేవాళ్ళు. పల్లెటూరి కుటుంబాలను ఉన్నది ఉన్నట్టు చూపిస్తారట, వారానికొక ఇల్లు. మామ మహా సంబరపడి వాళ్ళను ట్రాక్టరు వెనకాలే వ్యానులో ఇంటికి తీసుకువచ్చాడు.

రాగానే వాళ్ళకు రాగిసంగటి, అనపగింజల పులుసు పెట్టాం. వేళ్ళు నాక్కుంటూ తిన్నారు. తీరా మేం తినేది తీయాల్సి వచ్చేసరికి వాళ్ళ పెద్దమనిషి, దర్శకుడట, సంగటి వద్దన్నాడు. నల్లగా ఉంది, తెర మీద బాగుండదు, తెల్లన్నం వండండి అన్నాడు. మా ఊరి టీవీలో ఉన్నవే నలుపూ తెలుపూ రెండు రంగులు, అందులో ఒకటి పనికి రాదన్నమాట. పండుగ కోసం దాచిన బియ్యం తీసి వండాం. ఉన్నది ఉన్నట్టు చూపించడం అక్కడ మొదలైంది. నాకు అప్పుడే ఒళ్ళు మండింది. కానీ మామ ముఖం వెలిగిపోతూ ఉంది.

మధ్యాహ్నం అవ్వా నేనూ తిన్నె మీద ఎదురెదురుగా కూర్చుని చింతకాయలు కొట్టి గింజ తీస్తున్నాం. నేనొక గింజ వదిలేశాను.

"కండ్లు యాడ పెట్టుకోని ఉండావే, ఎనుమా? నీ చేత చింతపండు తీయించేదానికి ఆ గోడకు చెప్పుకునేది మేలు" అంది అవ్వ.

నేను పకపకా నవ్వాను. దర్శకుడు చెవులు రిక్కించాడు. ఆమె ఏమందని మామను అడిగాడు. మామ నవ్వుతూ తమిళంలో చెప్పాడు. ఆయనకు అది తెగ నచ్చింది. అదే మళ్ళీ చేయమన్నాడు, కాకపోతే తమిళంలో. ఇంకొక మాట కూడా అన్నాడు. ఈ అమ్మాయి ఆమెను అవ్వ అంటే చూసేవాళ్ళు తికమక పడతారు, వీళ్ళిద్దరూ అత్తాకోడళ్ళే కదా, అత్తా అని పిలవమనండి.

నిజమే కదా. అందులో అబద్ధం ఎక్కడుంది? ఆ మనిషి మా చేత ఒక్క అబద్ధం కూడా చెప్పించలేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

తమిళం మేం బస్సు కండక్టరుతో, ఎరువుల కొట్టతనితో మాట్లాడే భాష. అవ్వ ఆ భాషలో ఎవరినైనా ఎనుమని తిట్టిందంటే నిజంగా కోపం వచ్చినట్టే. అదే మాటను నా ముఖం మీద అంటుంటే ఆమె గొంతు కూడా మారింది. నాకు నవ్వు వచ్చింది. నవ్వకమ్మా, ఇంకొక్కసారి అన్నాడు. మళ్ళీ నవ్వాను. ఇంకొక్కసారి. అవ్వ విసుగుతో గొంతు పెంచింది. ఎండ, ఆకలి, కళ్ళల్లో చింతపండు దుమ్ము. ఏదో ఒక "ఇంకొక్కసారి" దగ్గర నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చేస్తాను అత్తా" అని పైటతో కళ్ళు ఒత్తుకున్నాను. చాలా సహజంగా వచ్చింది అన్నాడు దర్శకుడు. అవ్వ నా వైపు చూడనే లేదు. ఎప్పుడు ఆపాలో చేయి ఊపి చెబుతానని ఆయన అన్నాడు కాబట్టి ఆయన చేతినే చూస్తూ ఉంది.

అది టీవీలో వచ్చిన ఆదివారం సాయంత్రం ఊరంతా పంచాయతీ ఆఫీసు ముందు కూర్చుంది. అవ్వ మంచి చీర కట్టుకుని ముందు వరసలో చేరింది. పొలం చూపించారు, టమాటాలు చూపించారు. తర్వాత వయొలిన్ మొదలైంది. అవ్వ అరుస్తోంది. నా ముఖం తెర నిండా వచ్చింది, కన్నీళ్ళతో సహా. ఆ వెంటనే కళ్ళు చికిలించిన అవ్వ ముఖం. నిజానికి అది ఎండకు చికిలించిన ముఖం. ఒక్క పూటలో ఎప్పుడెప్పుడో తీసిన ముక్కలు పక్కపక్కన అతికితే, ఏడుస్తున్న పిల్లను చూసి కూడా కరగని మనిషిలా కనిపించింది.

"నువ్వు ఎప్పుడే ఏడిస్తివి?" అంది అవ్వ నా చెవిలో. నేను జవాబు చెప్పేలోపు వెనకాల ఎవరో జాలిగా నాలుక చప్పరించారు.

ఆ తర్వాత జనాన్ని చూడాలి. కారిమంగళం సంతలో ఆకుకూరలమ్మే ఆమె నాకు ఒక కట్ట ఎక్కువ వేసి, అవ్వను కొరకొరా చూసింది. పక్కింటి కోడలు కొళాయి దగ్గర నన్ను పక్కకు పిలిచి తన అత్త కష్టాలన్నీ చెప్పుకుంది, నేను ఆమె జట్టు అయినట్టు. ఆ పక్కింటి అత్త ఏం తక్కువ తిన్నదా, గోడకు చెప్పుకునేది మేలనే అవ్వ మాటను పట్టుకుని కోడలి మీద ప్రయోగించడం మొదలుపెట్టింది. కోడలు పైట కొసతో కళ్ళు ఒత్తుకుంటే అచ్చం తెర మీద నన్ను చూసినట్టే ఉండేది. చుట్టాలొస్తే సంగటి పెట్టడానికి సిగ్గుపడి తెల్లన్నం వండే ఇళ్ళు కూడా తయారయ్యాయి. ఎవరి ఇంట్లో వాళ్ళు ఎవరికో కనబడుతున్నట్టు తిరగసాగారు. మా ఇంటికేసి మాత్రం అందరూ నిజంగానే చూసేవాళ్ళు.

వాళ్ళను క్షమించగలను. మా అమ్మ మాట వేరు. ఆమె తన ఊళ్ళో అది చూసి మరునాడే బస్సెక్కి వచ్చింది. కాళ్ళు కూడా కడుక్కోకుండా అవ్వను నిలదీసింది.

"నమ్మి నీ చేతిలో పెడితే నా బిడ్డను ఇట్లనా చూసేది?"

అవ్వ నివ్వెరపోయింది. "ఏందే నువ్వు కూడా? సుమ్మా, ఊరికే వాళ్ళు చెయ్యమంటే చేసినాము. నిన్ను నేను తిట్టలేదా? ఆ తిట్లు తినే కదా పెరిగితివి?"

"నేను నీ కడుపున పుట్టినదాన్ని. అది ఇప్పుడు నీ కోడలు" అంది అమ్మ.

నేను ఎంత చెప్పినా అమ్మ వినలేదు. నీ కన్నీళ్ళు నా కండ్లతో చూసినాను, నాకే దాస్తావా అంది. ఆ ఎనుమా మాటలోనే పుట్టి పెరిగిన మనిషి, తను తిన్న తిట్లను కాక ఆ పెట్టెను నమ్మింది. నాకు అమ్మ మీద అంత కోపం అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

ఆ రోజు నుంచి అవ్వ నన్ను తిట్టడం మానేసింది. "లేమ్మా, పొద్దెక్కింది" అనేది. "ముగ్గు బాగుండాదమ్మా" అనేది. అమ్మా అట! పరాయి ఇంటి నుంచి వచ్చిన పిల్లతో మాట్లాడినట్టు. మొదట వీధిలోవాళ్ళ కోసం ఆడుతున్న నాటకం అనుకున్నాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా అంతే. అప్పుడు ఇంకో అనుమానం పట్టుకుంది. తమిళంలో అరిచిన ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చింది? కోడలి మీద కోపం ఆమెలో ముందే ఉందా? పుట్టి బుద్ధెరిగాక అవ్వ ముఖాన్ని నేను పరీక్షగా చూడడం అదే మొదలు. చూస్తే ఆమె కూడా నన్ను అట్లాగే చూస్తోంది.

ఒక రోజు భరించలేక పులుసులో గుప్పెడు ఉప్పు ఎక్కువ వేశాను, కావాలనే. నోట్లో పెట్టుకోలేని ఉప్పు. అవ్వ కలుపుకుంది, తింది. మంచినీళ్ళు తాగింది. మళ్ళీ తింది.

"బాగుండాదమ్మా" అంది.

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. "ఉప్పు కషాయమే అవ్వా అది! తిట్టు. నన్ను తిట్టు!" అని అరిచాను.

ఆమె ముందు వాకిలి వైపు చూసింది. "మెల్లగా. ఎవురన్నా వింటారు."

వెళ్ళి తలుపు వేసి గడియ పెట్టి వచ్చాను. "ఇప్పుడు తిట్టు."

అవ్వ నోరు తెరిచింది. కంచం పక్కకు జరిపి, "నోటికి వస్తా లేదు. తిట్టబోతే ఆ పెట్టెలో నువ్వు ఏడిసిన మొకమే కనపడతా ఉండాది. ఒక మాట అడుగుతాను, నిజం చెప్తావా? ఆ పొద్దు నిజంగానే ఏడిస్తివా?" అంది.

"లేదవ్వా. దుమ్ము. నీ మీద ఒట్టు" అని ఆమె తల మీద చెయ్యి పెట్టాను.

అవ్వ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. పంచాయతీ ఆఫీసు ముందు కూర్చుని తెరను చూసిన చూపు అది. తర్వాత నా చెయ్యి మెల్లగా తీసి పట్టుకుంది.

"సరేమ్మా, నమ్మినాను" అంది.

ఆ అమ్మా అన్న మాటతోనే తెలిసిపోయింది, నమ్మలేదని.