వైరు పెట్టని గిటార్

అమలాపురంలో మా వీధి టీకొట్టు దగ్గర సాయంత్రమైతే సంగీత జ్ఞానులు దిగుతారు. ఒకాయన రొయ్యల మేత అమ్ముతాడు. ఇంకొకాయన కువైట్‌లో పదిహేనేళ్ళు కారు నడిపి వచ్చాడు. ఇద్దరిలో ఎవరి వేలికీ గిటార్ తీగ తగిలిన పాపాన పోలేదు. అయినా ప్రపంచంలో ఏ గిటార్ సోలో గొప్పదో వాళ్ళే తేల్చాలి.

మేతాయన రాక్ మనిషి. ఎంత కీచుమంటే అంత గొప్ప. కువైట్ ఆయనకి అక్కడేదో హోటల్లో విన్న స్పెయిన్ వాయింపు తర్వాత ఇంకేదీ సంగీతం కాదు. గిటార్ మీద కర్ణాటక రాగాలు పలికించేవాళ్ళని, వీణ కొనుక్కోలేక ఆ తిప్పలని ఇద్దరూ కలిసి కొట్టిపారేస్తారు. ఓ రోజు బ్లూస్ అంటే ఏమిటో ఫోన్‌లో వెతికి, ఐదు నిమిషాల్లో దానికి మార్కులు కూడా వేసేశారు. గాడిదకేం తెలుసు గంధపు పొడి వాసన అని గ్లాసులోకి చూస్తూ నవ్వుకునేవాణ్ణి.

నేను ఇరవై ఏళ్ళుగా ఆర్కెస్ట్రాలో గిటారిస్టుని. పెళ్ళివారికి స్టేజీ మీద గిటార్ కనబడాలి, అంతే. వినబడాలని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అందుకని గిటార్ ముక్కలన్నీ మా కీబోర్డాయనే ఆ శబ్దం పెట్టుకుని వాయించేస్తాడు. నేను గిటార్ మెడలో తగిలించుకుని, వైరు పెట్టకుండా, తల ఊపుతూ వేళ్ళు ఆడిస్తాను. ఇంట్లో మాత్రం రోజూ గంట సాధన. నేను కట్టుకున్న సోలో ఒకటుంది. చచ్చేలోగా దాన్ని చెవున్నవాడు ఒక్కడు వింటే చాలని నా ఏడుపు.

మొన్నామధ్య కొత్తపేటలో ఓ రిసెప్షన్‌లో మా ప్రోగ్రాం అయిన మర్నాడు నేనూ కీబోర్డాయనా టీకి వెళ్ళాం. నన్ను చూడగానే మేతాయన లేచి నిలబడ్డాడు.

"నిన్న మేమూ వచ్చేమండి. రాకూ గీకూ అన్నీ దిగదుడుపేనండి మీ సోలో ముందు."

కువైట్ ఆయన కూడా ఒప్పుకున్నాడు. ఒకే సోలోని ఇద్దరూ కలిసి మెచ్చుకోవడం అదే మొదలు. పక్కన కీబోర్డాయన టీ ఊదుకుంటూ కూర్చున్నాడు. నిజం చెప్పడానికి సిగ్గేసింది. సిగ్గు కూడా కాదు, ఆ పొగడ్త తియ్యగా ఉంది. ఛీ, నా బతుకు.

ఇక్కడోసారి వాయించమని ఇద్దరూ పట్టుబట్టారు. గిటార్ బండి మీదే ఉంది. ఇన్నాళ్ళకి రెండు జతల చెవులు దొరికాయి కదా అని, నిన్నటి ముక్క కాకుండా నా సోలోయే అందుకున్నాను. ఒక్క స్వరం తప్పలేదు. జన్మలో అంత బాగా వాయించలేదు. టీ కాచే ఆయన పొయ్యి తగ్గించి మరీ విన్నాడు.

అయ్యాక మేతాయన గొంతు సవరించుకున్నాడు.

"బానే ఉందండి. కానీ నిన్న వాయించినదానికీ దీనికీ పోలికే లేదండి."

కువైట్ ఆయన జాలిగా తలూపాడు. కీబోర్డాయన గ్లాసులోంచి తలెత్తలేదు.

"ఆయ్," అన్నాను, గిటార్ సంచిలో పెట్టుకుంటూ. "నిన్న చెయ్యి కుదిరిందండి."