బిగిసిన మాలులో కడవెడు నీళ్లు

సూర్యాపేట నుంచి కోదాడ దాకా రోడ్డు మీద కాలువలు దాటించే సిమెంటు మోరీలన్నీ నేనే పోశాను. ఏళ్ల తరబడి ఇదే చెబుతున్నాను, విన్నవాళ్లు నమ్మారు కూడా. అంత బరువు మోసే మోరీలు కట్టానన్న నేను ఒక్క మాటను మాత్రం దింపుకోలేక మోస్తున్నాను. మీరు నన్ను ఎరగరు. అందుకే మీ ముందు దింపుతున్నాను.

ముందు మోరీల లెక్క సరిచేస్తాను. నేను పోసింది ఒక్కటే. అదీ నిలవలేదు.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం. మునగాల దగ్గర చిన్న కాలువ మీద బండ్లు దాటడానికి సిమెంటు పలక పోస్తున్నాం. నేను సున్నం పనిలో పెరిగినవాణ్ణి. సున్నం మాలు, అంటే ఇసుకతో కలిపిన ముద్ద, మిగిలితే బాధ లేదు. మర్నాడు నీళ్లు చల్లి మళ్లీ నూరితే పనికొస్తుంది. సిమెంటు అలా కాదు. అది ఆరి గట్టిపడదు, నీళ్లతో కలిసి గట్టిపడుతుంది. తడి తగిలాక దాని లోపల కంటికి కనిపించని సూదులు మొలిచి ఇసుకనూ కంకరనూ పట్టుకుంటాయట. పట్టు మొదలయ్యాక కదిపితే ఆ సూదులు తెగుతాయి. మళ్లీ పోసిన నీళ్లు సిమెంటులో ఇమడక, ఆరిపోయి, వెనుక గుల్ల మిగులుస్తాయి. ఇదంతా అప్పుడు నాకు తెలియదని రాయవచ్చు. మీరూ నమ్ముతారు. కానీ బిగిసిన మాలు పారేయమని ఓవర్సీర్ ఆ పొద్దున్నే చెప్పాడు.

మాలు కలిపించాను. ఇంతలో దారిన పోయే బండివాళ్లు ఆగారు. కృష్ణ మీద వంతెన నేనే కట్టినట్టు వాళ్లకు చెబుతూ కూర్చున్నాను. వినేవాళ్లు దొరికితే నాకు ఎండ తెలియదు. తిరిగొచ్చేసరికి మాలులో పార దిగలేదు. ఆ రోజుల్లో సిమెంటు బస్తా దొరకడమే గగనం. పారేస్తే ఎందుకు బిగిసిందని అడుగుతారు. పనికి నీళ్లు మోసే మల్లమ్మ అక్క నెత్తిన ఉన్న కడవ అందుకుని గుమ్మరించాను, తొక్కించాను. మెత్తబడింది. పలక ఎంత నున్నగా వచ్చిందో!

మల్లమ్మ మొగుడు పోయిన మనిషి. కూలి తెస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. పోసిన పలక మీద గోనెపట్టాలు కప్పి తడపడం ఆమె పని. ఆ తడి అందితేనే సిమెంటు లోపల్లోపల ఇంకా గట్టిపడుతుంది. ఆమె తడిపింది. నేను రోజూ చూశాను.

మొదటి వడ్ల బండికే పలక విరిగింది. ఎద్దు కాలు విరిగింది.

"తడపలేదా?" అన్నాడు ఓవర్సీర్ మల్లమ్మతో.

"పొద్దుమాపు తడిపిన సారూ. పట్టాలు ఎన్నడు ఆరనియ్యలే. జర మేస్త్రిని అడుగుండ్రి, సూసిండు గదా!"

ఓవర్సీర్ నా వైపు చూశాడు. నేను నోరు మెదపలేదు.

ఎందుకు? పని పోతుందన్న భయమా? అది కొంత. బండివాళ్ల ముందు వంతెనలు కట్టినవాడు మాలు చెడగొట్టాడని పదిమందిలో తెలియడం, దానికే ఎక్కువ భయపడ్డానేమో. ఆ తర్వాత మల్లమ్మను ఎవరూ పనికి పిలవలేదు. ఎద్దు కాలు విరగ్గొట్టిన మనిషని పేరు పడింది. పిల్లలను తీసుకుని మిర్యాలగూడ వైపు వెళ్లిపోయింది. నేనేమో మోరీల లెక్క పెంచుకుంటూ పోయాను.

మొన్న మిర్యాలగూడ వెళ్లి ఆమె ఇల్లు వెతికి పట్టుకున్నాను. గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. పేరు చెప్పగానే గుర్తుపట్టింది. నీళ్లు పోసింది నేనని ఒప్పుకున్నాను. ఏదో దిగినట్టయింది.

"ఆనాడు నేను సప్పుడు చెయ్యకుండ నిలవడ్డ అక్కా. అదే నా తప్పు," అన్నాను.

ఆమె చాటలోంచి తల ఎత్తలేదు.

"సప్పుడు చెయ్యకుండ యాడ నిలవడ్డవ్ తమ్మీ? 'గీమె పొద్దంత పండుకుంటది సారూ' అన్నది నువ్వే గదా. గిదన్న సక్కగ చెప్పు."