సర్వర్ గది మాస్టారు

మా కంప్యూటర్ మాస్టారు పోయారు. పొద్దున్నే పిన్నిగారు ఫోన్ చేసి, "అమ్మాయ్, మీ మాస్టారు నిద్రలోనే పోయారు, వస్తావా" అని పెట్టేశారు. మాస్టారి భార్యని నేను మొదట్నుంచీ పిన్నిగారూ అనే పిలుస్తాను.

నరసరావుపేటలో ఒక మేడమీద గదిలో ఆయన ఇన్‌స్టిట్యూట్ ఉండేది. డేటాబేస్ అంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది. మొదటిరోజు క్లాసులో వెంకటేశ్వర్లు అనే పేరున్నవాళ్ళందర్నీ లేచి నిలబడమన్నారు. ముగ్గురు లేచారు. వీళ్ళలో ఒక్కడికే ఉద్యోగం వచ్చింది, కాగితం ఎవడి చేతికిస్తారు అని అడిగారు. అందరం నవ్వాం. పేరు చాలక మనిషికో నంబరు ఎందుకివ్వాలో ఆ నవ్వులోనే తలకెక్కింది. మేం డీబేస్ అనే ప్రోగ్రాం నేర్చుకునేలోపే ఫాక్స్‌ప్రో వచ్చింది. అది ఒంటబట్టేలోపే సర్వర్లన్నారు. విసుక్కుంటే, "పాతబడిందని ఏడవమాకండి, నేర్చుకోటం వచ్చిందిగా" అనేవారు.

ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక మిర్చి కోల్డ్ స్టోరేజీలో చేరారు. ఏడాది తిరక్కుండా నన్నూ పిలిపించారు. ఏ రైతు టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, ఏ ఛాంబర్లో ఉన్నాయో మొత్తం సర్వర్లో ఉండేది. ఆ సర్వర్ గది ఆయన సామ్రాజ్యం. మాది రెంటచింతల, నాకు ఎండ లెక్కేంది అని గొప్పలు పోయే మనిషి, మే నెలలో ఏసీ ఆగితే మాత్రం చెప్పులు కూడా వేసుకోకుండా జనరేటర్ దగ్గరికి పరిగెత్తేవారు. సాయంత్రం ఆనాటి లెక్కలన్నీ కాపీ తీసి ఇంటికి పట్టుకెళ్ళేవారు. అవి పిన్నిగారి బీరువాలో పట్టుచీరల మధ్య ఉండేవి.

ఒక ఎండాకాలం సర్వర్ మాడిపోయింది. ఇంట్లో కాపీ ఉండబట్టి రైతులు బతికిపోయారు. అప్పుడు ఓనరుగారికి క్లౌడ్ సంగతి చెప్పింది మాస్టారే. మన లెక్క ఎవడింట్లోనో పెట్టటమేందయ్యా అని ఓనరుగారు ఎగిరిపడ్డారు. మీ బంగారం బ్యాంకు లాకర్లో పెట్టలేదా, అదీ అంతే, ఎక్కడో పెద్ద యంత్రాల్లో ఉంటది, మనం ఫోన్లో చూసుకోవచ్చు అని మాస్టారు రోజూ కూర్చోబెట్టి ఒప్పించారు.

గదిలో సర్వర్ లేకపోతే ఆయనకి పని లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఉండబట్టలేక అడిగేశాను, మరి మీ సంగతేంటని.

"నా కోసం రైతుల లెక్కని ఈ ఎండలో మాడబెట్టమంటావా?" అన్నారు.

లెక్కలన్నీ క్లౌడ్‌లోకి ఆయనే ఎక్కించారు. ఒక్క రైతు పేరు కూడా తప్పిపోలేదు. ఏసీ ఓనరుగారి గదికి వెళ్ళింది. సర్వర్ గదిలో ఖాళీ గోతాలు పడేశారు. ఆయన జీతం ఎవరూ ఆపలేదు. అయినా, కొన్నాళ్ళు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని, తర్వాత తనే రావటం మానేశారు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. ఇంకొక్క ఏడాది ఆ క్లౌడ్ మాట ఎత్తకుండా ఊరుకోవచ్చుగా!

అప్పుడప్పుడూ ఫోన్ చేసేవారు. నా పిల్లల్ని అడిగి, పిన్నిగారి మోకాళ్ళ గురించి చెప్పి, చివర్లో సిస్టం ఏమన్నా ఆగిందా అనేవారు. లేదు మాస్టారూ అంటే, మంచిది అని ఊరుకునేవారు. అబద్ధమైనా సరే ఒక్కసారి ఆగిందని చెప్పాలనిపించేది.

నేను వెళ్ళేసరికి ఇంటిముందు టెంటు వేశారు. మాస్టారిని ఫ్రీజర్ పెట్టెలో ఉంచారు. మిర్చి కోతలు జోరుగా సాగుతున్న రోజులు. కొత్త సరుకు కోల్డ్ స్టోరేజీకి వచ్చినప్పుడల్లా నా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. శబ్దం విని పిన్నిగారు తలెత్తి, ఆఫీసు నుంచా, పనుంటే వెళ్ళమ్మా అన్నారు.

"నేను అక్కర్లేదు పిన్నిగారూ, సిస్టం దానంతటదే చేసుకుంటది" అన్నాను.

ఆమె నా వైపు తిరిగారు.

"ఆయనా ఇదే అంటుండేవారు, నేను అక్కర్లేదని. రోజూ, అన్నం ముందు కూచుని."

ఫోన్ తీసి చూశాను. వినుకొండ వైపు రైతుది, నలభై టిక్కీలు. శబ్దం తీసేసి, తిరగేసి ఒళ్ళో పెట్టుకున్నాను. మాస్టారిని బయటికి తెచ్చేదాకా అది నా ఒళ్ళో అదురుతూనే ఉంది.