నేను బిగించిన కొళాయి

ఆ రోజుల్లో నా కోపానికి వేళాపాళా ఉండేది కాదు. ఇప్పుడు మాత్రం ఉందా అని మా ఆయన అడుగుతారు. ఆయన మాటకేం గానీ, కెనడాలో చదువుకోవడానికి పోయిన మొదటి చలికాలంలో వచ్చినంత కోపం నాకు మళ్లీ ఎప్పుడూ రాలేదు. మాది కోసిగి దగ్గర పల్లె. బోరింగు దగ్గర ఒకరి బిందె ఒకరు జరిపితే జుట్లు పట్టుకునే ఆడవాళ్ల మధ్య పెరిగాను (నేనూ ఒకసారి పట్టుకున్నాను, తప్పు నాది కాదు). అలాంటిదాన్ని పోయి పోయి, వంటింటి కొళాయి పొద్దస్తమానం కారుతూ ఉండే ఇంట్లో పడ్డాను.

అది ఒక ముసలావిడ ఇల్లు. పైన ఆవిడ, కింద నేలమాళిగలో నేనూ, బద్వేలు అక్కా (సొంత అక్క కాదు, నాకంటే ఏడాది ముందు చదువుకు వచ్చింది) అద్దెకుండేవాళ్లం. చలి ముదిరితే కొళాయి సన్నధారగా వదిలిపెట్టాలని, లేకపోతే గోడలోని పైపులో నీళ్లు గడ్డకడతాయని ముసలావిడ చెప్పిందట. అక్క ఆ మాట నాకు చెప్పింది. నేను నమ్మలేదు. నీళ్లు పారబోస్తే పైపు బాగుంటుందా, నీళ్ల విలువ తెలియనివాళ్ల కొవ్వు కాకపోతే అని ఒళ్లు మండిపోయింది. ధార కింద బకెట్ పెట్టాను. నిండింది. ఇంకో రెండు బకెట్లు, కుక్కరు, చివరికి అన్నం వండే గిన్నె కూడా నింపేశాను.

"అన్నం దేంట్లో వండల్లమ్మే? నీ తలకాయలోనా?" అంది అక్క.

దాంతో కోపం రెండింతలై, మరునాడు పొద్దున క్లాసుకు పోతూ కొళాయి గట్టిగా బిగించి పోయాను. సాయంత్రం వచ్చి తిప్పితే చుక్క రాలేదు. పైన ముసలావిడ ఇంట్లోనూ రాలేదు. ఆవిడ మెట్లు దిగివచ్చి, ఎవరు కట్టేశారని అడిగింది. నేనే అన్నాను, అదీ గొంతు పెంచి. నెలాఖరుకు గది ఖాళీ చేయమని చెప్పి పైకి పోయింది. ఆ చలిలో, చదువు మధ్యలో, ఇంకో గది దొరకడం అయ్యే పని కాదు. మంచం మీద కూర్చుని ఆవిడనీ, అక్కనీ, మంచునీ వరసగా తిట్టాను. తిట్టడానికి ఇంకెవరూ మిగలక ఏడ్చాను.

పైపులు బాగుచేసే మనిషి రెండు రోజుల దాకా రాలేనన్నాడు. మరునాడు పొద్దున తలుపు చప్పుడైంది. చూస్తే ముసలావిడ, చేతిలో టీ కెటిల్. కళ్లు మాత్రం నా బకెట్ల మీద. చచ్చినా ఇవ్వకూడదనుకున్నాను.

"ఇయ్యమ్మే. బోరింగు కాడ మీ యమ్మయితే లేదంటాదా?" అంది అక్క.

(మా అమ్మయితే కచ్చితంగా లేదనేది.) మొహం మాడ్చుకునే కెటిల్ నింపాను. రెండు రోజులు ముగ్గురమూ ఆ నీళ్లతోనే గడిపాం. చెంబెడు నీళ్లతో పళ్లెం ఎలా కడగాలో ముసలావిడకు కసురుతూ నేర్పించాను. ఆవిడ బుద్ధిగా నేర్చుకుంది. మూడో రోజు పైపు బాగయ్యాక మళ్లీ కిందికి వచ్చి, తనే కొళాయి సన్నధారగా విప్పి, పైనుంచి తెచ్చిన సొంత బకెట్ దాని కింద పెట్టి పోయింది. గది సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు కర్నూలులో మా ఇంట్లో ఎవరైనా కొళాయి సరిగా కట్టకపోతే ఇల్లు పీకి పందిరేస్తాను. కానీ కాస్త చలిగాలి తగిలిన పొద్దున మాత్రం, కొళాయి మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగుతాను. ఈ ఊళ్లో గడ్డకట్టాలంటే ముందు నీళ్లు రావాలి కదా అని నవ్వుకుని, అప్పుడు బిగిస్తాను.