రెండు చెర్రీ సీసాలు, మా చెల్లెలి పేచీ

మా చెల్లెలు ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. డ్యూటీ దిగగానే మణికట్టు మీద ఒక్క చుక్క చెర్రీ సెంటు రాసుకుని ఇంటికొస్తుంది. దానికున్న షోకల్లా అదే. మా అమ్మకు చూపు పోయి ఆరేళ్లు, చెవులూ అంతంతమాత్రం. ఆ వాసన తగిలితేనే కూతురొచ్చిందని నోరు తెరుస్తుంది. లేకపోతే ముద్ద తోసేస్తుంది.

సీసా అయిపోయింది. దాని మీది పేరు ఎప్పుడో చెరిగిపోయింది. మూడు రోజులుగా అమ్మ పాలతోనే సరిపెడుతోంది.

ఇక నన్ను పిలవక తప్పలేదు. ఊరి బడిలో ఐదో తరగతితో ఆగినా, సబ్బుల ఫ్యాక్టరీలో ముప్పై ఏడేళ్లు సువాసనలు కలిపినవాణ్ణి. మూడుసార్లు ఉత్తమ కార్మికుడిని. కళ్లు మూసుకుని పదకొండు గులాబీలను విడదీసి చెప్పిన ముక్కు ఇది.

చెల్లెలికి సెలవురోజు చూసి దుకాణానికి వెళ్లాం. చెర్రీవి రెండున్నాయి, పొడుగు సీసా ఒకటి, పొట్టిది ఒకటి. దుకాణంలో పిల్ల అట్టముక్క మీద కొట్టి ఇస్తే ఒప్పుకోలేదు నేను, ఒంటి మీదే చూడాలన్నాను. చెల్లెలి కుడిచేతికి పొట్టిది, ఎడమచేతికి పొడుగుది. నేను పొడుగుదే అన్నాను. అది పొట్టిదంది. మళ్లీ పీల్చి పొడుగుదంది. మళ్లీ పొట్టిది. గంటన్నర గడిచింది. దుకాణం పిల్ల జాలిపడి నాకు స్టూలు వేసింది.

"ఇల్లు కొన్నప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు కదే," అన్నాను.

"ఇల్లు నచ్చకపోతే అమ్ముకోవచ్చన్నయ్యా. ఇది తప్పయితే అమ్మ పస్తు."

ఏదీ కొనకుండా ఆ చేతులతోనే ఇంటికి తీసుకెళ్లాను. అమ్మ రెండూ వాసన చూసి, రెంటినీ తోసేసి గోడవైపు తిరిగింది.

అప్పుడు వెలిగింది నాకు. ఫ్యాక్టరీలో సెంటును విడిగా ఎప్పుడూ తేల్చం, సబ్బులో కలిపాకే తేలుస్తాం. కొత్తగా చేరిన ప్రతివాడికీ గొంతు చించుకుని చెప్పిన మాటే మరిచాను. అమ్మకు తెలిసింది ఉత్త చెర్రీ కాదు, గంజీ ఆవిరీ పట్టిన చేతి మీది చెర్రీ. సెలవురోజున ఆ చెయ్యి ఎక్కడిది?

మర్నాడు రెండు సీసాలూ కొని ఇస్త్రీగది గుమ్మంలో నిలబడ్డాను. డ్యూటీ దిగగానే చెల్లెలి రెండు చేతులకూ నిన్నటిలాగే రాయించాను. ఇంటికెళ్లాక అమ్మ ఎడమచేతిని తోసేసి, కుడిచేతిని రెండు చేతులా పట్టుకుంది.

"ఇన్నాళ్లూ ఎటు పోయావే," అని నోరు తెరిచింది.

పొట్టి సీసా. మొదటే చెప్పానుగా అంటుంది చెల్లెలు, వచ్చినవాళ్లందరితోనూ. ఆ తర్వాత ఐదుసార్లు మాట మార్చిన సంగతి మాత్రం ఎత్తదు.